చిన్నారి గుండె ఆపరేషనుకు ఇంటిల్లిపాదీ సిద్ధపడాలి

పుట్టే ప్రతి వెయ్యిమంది శిశువుల్లో సుమారు 8 లేక 9 మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుందని వైద్యులు చెబుతారు. గుండె గదుల మధ్యగోడలో రంధ్రం వాటిలో తరచుగా కనిపించేది. కొన్ని చిన్న రంధ్రాలు వాటంతటవే పూడిపోతాయి. కొన్నింటికి ఆపరేషను తప్పదు. మా పాపకు నాలుగో ఏట ఆపరేషను జరిగింది. ఆ రోజుల్లో మేము నేర్చుకొన్న సంగతులు మరో కుటుంబానికి అక్కరకు వస్తాయని ఇక్కడ రాస్తున్నాము.

ముందు పెద్దల మనసు కుదుటపడాలి

జబ్బు సంగతి తెలియగానే బంధువులు తలా ఒక మాట అంటారు. "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందేమో" అని ఒకరు, "ఎవరి పాపమో" అని మరొకరు. చాలామంది పిల్లల విషయంలో ఫలానాదే కారణమని వైద్యులే తేల్చలేరు. అలాంటప్పుడు తల్లిని నిందించడం అన్యాయం. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాని గురించి శిష్యులు అడిగిన ప్రశ్నకు ప్రభువు ఏమని జవాబిచ్చాడో మనమంతా ఎరిగినదే.

"ప్రార్థన చేసేవాళ్లకు ఆపరేషను ఎందుకు?" అన్నవారూ ఉన్నారు. మన దేశంలో తొలినాటి ఓపెన్ హార్ట్ ఆపరేషను 1961లో జరిగింది వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలోనే. ప్రార్థన మానవద్దు, వైద్యమూ మానవద్దు. "పెద్దయ్యాక చూద్దాంలే" అని వాయిదా వేయడం అన్నిటికన్నా ప్రమాదం. పెద్ద రంధ్రాన్ని ఏళ్ల తరబడి వదిలేస్తే ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడి, ఆ తర్వాత ఆపరేషనుకే వీలులేకుండా పోవచ్చు.

ఖర్చు సంగతి కూడా ముందే విచారించుకోవాలి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకాలు పేదకుటుంబాల పిల్లలకు పెద్ద ఆసరా అయ్యాయి. పొలం తాకట్టు పెట్టకముందే ఆసుపత్రిలోని పథకం సహాయకేంద్రంలో అడగండి.

బిడ్డకు ఎలా చెప్పాలి?

చెప్పకుండా తీసుకుపోతే బిడ్డ మరింత బెదురుతుంది. రెండు మూడేళ్ల పిల్లలకు ఒకటి రెండు రోజుల ముందు, నాలుగైదేళ్ల వారికి నాలుగైదు రోజుల ముందు చెబితే చాలు. మేము ఒక గుడ్డబొమ్మ ఛాతీకి కట్టు కట్టి, "డాక్టరుగారు నీ గుండెను బాగుచేస్తారు. మందుతో నిద్రపోతావు, అప్పుడు నొప్పి తెలియదు. పని అయ్యాక నిన్ను లేపుతారు" అని చెప్పాము. పాప ఆ బొమ్మకు తానే మందు వేయసాగింది.

సూది గుచ్చితే నొప్పే ఉండదని అబద్ధం చెప్పవద్దు. "కాస్త చురుక్కుమంటుంది, నీ చెయ్యి పట్టుకుంటాము" అంటే బిడ్డ నమ్ముతుంది. అల్లరి చేస్తే సూది వేయిస్తానని బెదిరించే అలవాటు ఇంట్లో ఎవరికీ ఉండకూడదు. తాను చేసిన తప్పుకు ఇది శిక్ష అని పసిమనసు అనుకొంటుంది. కాదని పదేపదే చెప్పాలి.

ఆపరేషనుకు ముందు

పుచ్చిపళ్లుంటే ముందే చూపించాలి. నోటిలోని సూక్ష్మక్రిములు రక్తంలో చేరి గుండెకు పట్టే ప్రమాదముంది. టీకాల కార్డు వెంట ఉంచుకోండి. జలుబు, దగ్గు, జ్వరం ఏది వచ్చినా డాక్టరుకు దాచకండి. ఆపరేషను వాయిదా పడినా అది బిడ్డ మేలుకే. ఎంతసేపు కడుపు ఖాళీగా ఉంచాలో ఆసుపత్రివారు చెబుతారు. సాధారణంగా అన్నం 6 గంటలు, తల్లిపాలు 4 గంటలు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపిస్తారు. బిడ్డ ఏడుస్తున్నదని నాయనమ్మ చాటుగా బిస్కెట్టు పెట్టకుండా ఆమెకూ ముందే వివరించాలి. మత్తులో ఉన్నప్పుడు కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం.

ఆపరేషను తర్వాత

ఐ.సి.యు.లో బిడ్డ నోటిలో గొట్టం, ఛాతీకి ట్యూబులు, చుట్టూ మోగే యంత్రాలు చూసి తల్లులు తల్లడిల్లుతారు. ఇవన్నీ ఉంటాయని ముందే తెలిస్తే ఆ ఘడియ కొంత తేలికవుతుంది. గొట్టం ఉన్నంతసేపు బిడ్డ ఏడ్చినా గొంతు వినపడదు. భయపడకండి.

ఛాతీ ఎముకను కోసి ఆపరేషను చేస్తే అది అతకడానికి 6 నుండి 8 వారాలు పడుతుంది. అందాకా బిడ్డను చంకల కింద పట్టి ఎత్తకూడదు, చేతులు పట్టి లాగకూడదు. ఒక చెయ్యి మెడ వెనుక, ఒకటి పిరుదుల కింద ఉంచి ఎత్తాలి. ఇది ఇంటికొచ్చే ప్రతి చుట్టానికీ చెప్పండి. గాయం ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా, ఆయాసపడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంట్లో మిగిలిన పిల్లలను మరువవద్దు. మేము ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు మా పెద్దవాడు మేనత్త ఇంట్లో ఉన్నాడు. చెల్లెలు ఎలా ఉందో రోజూ ఫోనులో వాడికి చెప్పేవాళ్లం.

సంఘస్థులకు ఒక మాట. ఆసుపత్రికి గుంపుగా వెళ్లడం కన్నా ఆ ఇంటి గొడ్లకు మేత వేయడం, రక్తం అవసరమైతే 18 ఏళ్లు దాటిన ఆరోగ్యవంతులు ముందుకు రావడం నిజమైన సహాయం. మా విషయంలో అలా ఆదుకొన్నవారిని మేము ఎన్నటికీ మరువలేము.