ముద్ద దిగనిది మారామేనా?

"వీడికి అన్నం పెట్టాలంటే గంట పడుతుందమ్మా! ముద్ద ముద్దకీ నీళ్లు కావాలి. పెరుగన్నమైతే మింగుతాడు, చపాతీ ముక్క పెడితే నమిలి నమిలి ఉమ్మేస్తాడు..."

ఈ మాటలు వినని ఇల్లుందా? వెంటనే మనం "గారాబం ఎక్కువైంది, మారాం చేస్తున్నాడు" అని తేల్చేస్తాం. చాలామంది పిల్లల విషయంలో అది నిజమే. కానీ పాలో, గుడ్డో, వేరుశనగో ఒంటికి పడని పిల్లలు ఇలా తింటుంటే మాత్రం తల్లి కాస్త ఆగి ఆలోచించాలి. గొంతు నుంచి పొట్టలోకి ముద్ద దిగే గొట్టం, అదే అన్నవాహిక, లోపల వాచి ఉండవచ్చు.

ఈ సంగతి నేను తెలుసుకున్నది ఆళ్లగడ్డలో ఉండే మా అక్క మనవడి వల్ల. అక్క కూతురూ అల్లుడూ అమెరికాలో ఉంటారు. ఏడేళ్ల ఆ బాబుకు వేరుశనగ పడదు. ఒక్క పలుకు నోట్లో పడినా ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, ఆయాసం. మా నంద్యాల వైపు బుడ్డలు లేని వంట ఏదో చెప్పండి! ఇడ్లీకి బుడ్డల చట్నీ, గుత్తివంకాయలో బుడ్డల పొడి. వాళ్లు సెలవులకు వస్తున్నారంటే అక్క ముందు వంటింటి డబ్బాలన్నీ అటక ఎక్కిస్తుంది.

ఆ బాబుకు అక్కడ 'ఓరల్ ఇమ్యునోథెరపీ' అనే చికిత్స చేయిద్దామనుకున్నారు. పడని పదార్థాన్నే అతి కొద్ది మోతాదులో మొదలుపెట్టి, రోజూ నోటి ద్వారా ఇస్తూ, మెల్లమెల్లగా పెంచుతూ పోవడమే ఈ చికిత్స.

అది విని మా అక్క, "ఇదేం కొత్తే? రోజూ ఇంత ఇంత నాకిస్తే అదే అలవాటైతాదని మన అవ్వ చెప్పలేదా?" అంది.

ఇంటి వైద్యం కాదు

వినడానికి ఒకటే అనిపిస్తుంది గానీ రెండింటికీ ఎంతో తేడా ఉంది. 2020 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 4 నుంచి 17 ఏళ్ల పిల్లల కోసం పాల్ఫోర్జియా అనే వేరుశనగ పొడి మందును ఆమోదించింది. దాని మోతాదు అర మిల్లీగ్రాముతో మొదలవుతుంది. నెలల తరబడి పెంచుకుంటూ పోతే చివరికి చేరేది రోజుకు 300 మిల్లీగ్రాముల ప్రొటీను. అంటే ఇంచుమించు ఒక్క గింజ! మోతాదు పెంచిన ప్రతిసారీ మొదటి డోసు డాక్టరు కళ్లెదుటే ఇవ్వాలి. ఇంత చేసినా పిల్లవాడు చిక్కీలు తినేస్తాడని కాదు. పొరపాటున ఒక పలుకు నోట్లో పడితే ప్రాణం మీదికి రాకుండా ఉండాలన్నదే దీని లక్ష్యం. చెంచాతో, చిటికెతో ఇంట్లో చేసే పని కాదిది.

మధ్యలో అన్నవాహిక ఎందుకొచ్చింది?

చికిత్స మొదలుపెట్టే ముందు అక్కడి డాక్టరు వేరుశనగ గురించి కాక, బాబు అన్నం తినే తీరు గురించి ప్రశ్న మీద ప్రశ్న వేశారట. ఎంతసేపు తింటాడు? నీళ్లు తాగకుండా మింగగలడా? మాత్ర వేసుకుంటాడా? మా అమ్మాయి చెప్పిన జవాబులు విని, ముందు ఎండోస్కోపీ చేయిద్దామన్నారు.

దద్దుర్లు, ఆయాసం లాంటివి తిన్న నిమిషాల్లోనే బయటపడతాయి. కానీ అన్నవాహిక వాపు వారాలు, నెలల మీద మెల్లగా వస్తుంది. రక్తపరీక్షల్లో మనకు తెలిసిన ఇస్నోఫిల్ కణాలే అన్నవాహిక పొరలో చేరి దాన్ని వాచేలా చేస్తాయి. దీన్ని ఇయోసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అంటారు. ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే గొట్టం ఇరుకైపోయి, ముద్ద అడ్డుపడే ప్రమాదం ఉంది.

పడని పదార్థాన్ని రోజూ మింగించే చికిత్స కొందరిలో ఈ వాపును పైకి తేగలదు. ఈ చికిత్స తీసుకున్నవారిలో నూటికి సుమారు ముగ్గురిలో ఇది కనిపించిందని 2014లో వెలువడిన ఒక సమీక్ష తేల్చింది. చాలామందిలో ఆ పదార్థం ఆపగానే తగ్గుతుంది. అయితే చికిత్సకు ముందే, ఏ బాధా తెలియకుండానే, కొందరిలో ఈ కణాలు ఉంటున్నాయని కూడా వైద్యులు గమనించారు. పాల్ఫోర్జియా మందు పత్రంలోనే, ఈ జబ్బు ఉన్నవారికి వాడరాదని రాసి ఉంది.

అందరికీ ఎండోస్కోపీ చేయాలా?

ఇక్కడ డాక్టర్లలోనే రెండు మాటలున్నాయి. రక్తం తీసో, చర్మం మీద గుచ్చో ఈ జబ్బును తేల్చలేం. ఎండోస్కోపీతో అన్నవాహికలో పలుచోట్ల చిన్న ముక్కలు తీసి, మైక్రోస్కోపు కింద చూడాల్సిందే. ఒక్కచోట 15 లేదా అంతకు మించి ఇస్నోఫిల్స్ కనిపిస్తే అనుమానం బలపడుతుంది. కానీ చిన్నపిల్లలకు మత్తు ఇచ్చి చేయాలి, ఖర్చూ ఎక్కువే. అందుకే చాలామంది వైద్యులు ముందు ప్రశ్నలు అడిగి, అనుమానం ఉన్నవారికే ఎండోస్కోపీ చేస్తున్నారు. అప్పుడు అసలు పరీక్ష తల్లి ఇచ్చే జవాబే కదా! "కొంచెం నిదానంగా తింటాడంతే" అని దాటేస్తే డాక్టరుకు దారి మూసేసినట్టే.

మా బాబుకు వాపు ఉందనే తేలింది. వేరుశనగ చికిత్స వాయిదా పడింది. ఎంతో ఆశ పెట్టుకున్న మా అమ్మాయి ఫోనులో ఏడ్చింది. డాక్టరు సలహాతో పాలు, పాల పదార్థాలు ఆపారు. కొన్నాళ్లకు మళ్లీ చూస్తే వాపు తగ్గింది. గంటసేపు తినే పిల్లవాడు ఇప్పుడు ఇరవై నిమిషాల్లో లేస్తున్నాడు. వేరుశనగ సంగతి తర్వాత చూద్దామన్నారు. "అయ్యో, పిల్లోన్ని ఎన్నిసార్లు కసురుకుంటిమే!" అని అక్క కళ్లొత్తుకుంది.

ఈ ఆరూ గమనించండి

* ముద్ద ముద్దకీ నీళ్లు తాగుతున్నాడా?
* ప్రతిదీ పులుసులోనో, మజ్జిగలోనో నానబెట్టి తింటున్నాడా?
* అందరూ లేచినా ఇంకా తింటూనే ఉన్నాడా?
* మాంసం, చపాతీ లాంటి గట్టి వాటిని తప్పించుకుంటున్నాడా?
* అతిగా నములుతున్నాడా?
* మాత్ర మింగలేకపోతున్నాడా?

ఇవి కాక చికిత్స సమయంలో తరచూ వాంతులు, కడుపునొప్పి, డోసు అంటేనే మొహం తిప్పుకోవడం కనిపించినా డాక్టరుకు చెప్పాలి. మొదట్లో ఒక్కసారి అడిగితే చాలదు, మోతాదు పెంచిన ప్రతిసారీ చూసుకోవాలి.

మన ఊళ్లలో ఈ చికిత్స ఇంకా అరుదే. కానీ ఈ జబ్బుకు చికిత్సతో పని లేదు, దానంతట అదీ రావచ్చు. పాలు, గోధుమ, గుడ్డు, సోయా దీనికి తరచూ కారణమయ్యేవి. అలాగని ఇది చదివి ఈ రోజే పాలు మాన్పించేయకండి. ఎదిగే పిల్లలకు అది నష్టం. పైగా అలర్జీ ఉన్న పిల్లలకు ఆపిన పదార్థం మళ్లీ పెట్టినప్పుడు తీవ్రంగా వికటించవచ్చు. ముందు మీ పిల్లల డాక్టరుకు చూపించండి. అవసరమైతే పెద్ద ఊళ్లో పిల్లల జీర్ణకోశ నిపుణుల దగ్గరకు వారే పంపుతారు. వెళ్లేముందు వారం రోజులు ఏం తిన్నాడో, ఎంతసేపు తిన్నాడో ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. డాక్టరుకు అది ఎంతో అక్కరకొస్తుంది.