ఒగ్గు కథ: మారిన మ్రోత

ఒగ్గు అనగా శివుని డమరుకము. గంభీరావుపేట ప్రాంతపు శ్రోతలకు దాని మ్రోత క్రొత్త కాదు. బీరప్ప, మల్లన్న, ఎల్లమ్మ కథలను కొలుపులవేళ తెల్లవార్లు చెప్పుట ఒగ్గువారి వృత్తి. అక్కడ డోలు, తాళములు కథకుని మాటను అనుసరించును.

వేములవాడ దాపున గల హన్మాజిపేటకు చెందిన కీర్తిశేషులు మిద్దె రాములుగారు (మరణము 2010) ఈ కళను సభావేదికలపై రాణింపజేసిన వారిలో ముఖ్యులు. అయితే వేదికపై గడియారమున్నది. కథ కుదించుకొనెను; డోలు పెరిగెను. నేడు కథ లేకయే, పదులకొలది డోళ్ళు ఏకముగా మ్రోగు ఒగ్గుడోలు విన్యాసము ఊరేగింపులలో ప్రసిద్ధము. చూచుటకు అది మహోత్సాహకరమే! రేడియోకు మాత్రము కథకుడే కావలెను. మైక్రోఫోను ముందు డోలును నాలుగడుగులు వెనుకకు జరిపిననేగాని ఆయన యాస, చమత్కారము, ప్రక్కవాని ఊకొట్టు మనకు వినబడవు. అరగంటలో ఎల్లమ్మ పుట్టుకయైనను ముగియదు గనుక, మేము ఒక్క ఘట్టమునే ఎన్నుకొందుము.