కణంలో కాపురమున్న కణాలు

యూగ్లీనా మొక్కా, జంతువా?

ఏకకణ జీవుల పాఠం వచ్చినప్పుడల్లా క్లాసులో ఎవరో ఒకరు లేచి ఈ ప్రశ్న వేస్తారు. వెయ్యవలసిన ప్రశ్నే. చెరువు గట్టున నీళ్ళు కదలక నిలిచిపోయిన చోట పచ్చటి తెట్టు కడుతుంది కదా! ఆ నీటి చుక్కను గాజుపలక మీద వేసి సూక్ష్మదర్శినిలో చూడండి. కండె ఆకారంలో ఉండి, ముందు కొనన ఉన్న కొరడాలాంటి కశాభాన్ని ఆడిస్తూ ఈదుకుపోయే పచ్చని జీవి కనిపిస్తే అది యూగ్లీనా కావచ్చు. దాని పొడవు మిల్లీమీటరులో సుమారు ఇరవయ్యో వంతు. వెలుతురు ఎటునుంచి వస్తోందో పసిగట్టడానికి దానికొక ఎర్రటి కంటిచుక్క సాయపడుతుంది. వెలుతురులో ఉంటే ఆకులాగే తన ఆహారాన్ని తానే తయారు చేసుకుంటుంది. చీకట్లో ఉంచితే నీటిలో కరిగివున్న పోషకాలను పీల్చుకుని బతికేస్తుంది.

పరీక్షలో "దీనికి రెండు లక్షణాలూ ఉన్నాయి" అని రాస్తే మార్కులు వస్తాయి. నన్నడిగితే అది జవాబు కాదు, జవాబును వాయిదా వెయ్యడం. యూగ్లీనాకు ఆ పచ్చదనం ఎక్కడినుంచి వచ్చింది? అడగవలసిన ప్రశ్న ఇది. దీని వెంట పోతే మనం చివరికి మలేరియా దగ్గర తేలతాం. ఎలాగో చూద్దాం.

ఈ చిక్కు యూగ్లీనాతోనే మొదలు కాలేదు. 1866లో ఎర్నెస్ట్ హేకెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు మొక్కలలోనూ జంతువులలోనూ ఇమడని చిన్న జీవులకోసం ఒక మూడో రాజ్యాన్ని ఏర్పాటు చేసి, దానికి ప్రొటిస్టా అని పేరు పెట్టాడు. కేంద్రకం లేని బాక్టీరియాను తర్వాతివాళ్ళు అందులోంచి తీసేశారు. కేంద్రకం ఉండి, మొక్కా జంతువూ శిలీంధ్రమూ కానివన్నీ అందులో మిగిలిపోయాయి. ఎక్కడ సర్దాలో తెలియని సామానంతా అటక మీదికి చేర్చినట్లన్నమాట! ఆ అటక మీద ఎన్ని రకాలున్నాయో చూడండి: ఆకారం మార్చుకుంటూ పాకే అమీబా, ఒళ్ళంతా సన్నని కేశాలతో ఈదే పారమీషియం, గాజును పోలిన సిలికా డబ్బాలో కాపురముండే డయాటమ్, రాత్రివేళ సముద్రపు అలలను మెరిపించే డైనోఫ్లాజెల్లేట్. అన్నీ కంటికి ఆనని చిన్న జీవులే అనుకోకండి. చల్లని సముద్రాలలో నలభై మీటర్లకు పైగా పెరిగే కెల్ప్ అనే సముద్రపు పాచి కూడా వీటి జట్టులోదే.

ఈ జీవుల డి.ఎన్.ఏ.లను పోల్చి చూశాక ఆ అటకను దించి సర్దడం మొదలైంది. ప్రొటిస్టులన్నీ ఒక వంశం కావని తేలింది. అమీబా మనకూ పుట్టగొడుగులకూ దగ్గరి చుట్టం, పారమీషియానికి దూరపు చుట్టం. చూడటానికి మొక్కలా ఉండే కెల్ప్‌కు డయాటమ్ జ్ఞాతి అవుతుంది, వేపచెట్టు కాదు. పచ్చదనమో, కిరణజన్య సంయోగక్రియో ఉన్నంత మాత్రాన ఒకే ఇంటివాళ్ళు కారన్నమాట. ఎందువల్ల? పచ్చదనం అన్ని వంశాలకూ తాతల నుంచి రాలేదు. కొన్ని వంశాలు దాన్ని మధ్యలో బయటినుంచి సంపాదించుకున్నాయి. అదీ మింగి!

ఆకులోని పచ్చదనమంతా హరితరేణువులలో ఉంటుందని మీరు చదువుకున్నారు. ఈ హరితరేణువులు ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులనీ, వాటిని మరో కణం లోపలికి తీసుకుని అట్టే పెట్టుకుందనీ 1905లో మెరెష్కోవ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు రాశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1967లో అమెరికాలో లిన్ మార్గులిస్ ఇదే భావాన్ని మైటోకాండ్రియాకు కూడా వర్తింపజేసి, కొత్త ఆధారాలతో ఒక వ్యాసం ప్రచురించారు. అంతకుముందు పదిహేను దాకా పత్రికలు దాన్ని తిప్పి పంపాయని ఆమే చెప్పారు.

ఇప్పుడు దీన్ని కాదనేవారు దాదాపు లేరు. హరితరేణువుకు సొంత డి.ఎన్.ఏ. ఉంది. సొంత రైబోసోములున్నాయి, అవి మన కణద్రవ్యంలో ఉండే రకం కావు, బాక్టీరియాలో ఉండే రకం. పైగా ఒక హరితరేణువు రెండుగా చీలితేనే కొత్తది పుడుతుంది. ఉన్నవన్నీ పోతే కణం తనంత తాను మరొకదాన్ని చేసుకోలేదు. విత్తనం పోయాక పంట ఎక్కడిది? మైటోకాండ్రియా కథ కూడా ఇలాంటిదే, ఇంకా పాతది. మీరు ఈ వాక్యం చదవడానికి కావలసిన శక్తిలో ఎక్కువ భాగాన్ని మీ కణాలలో తయారు చేస్తున్నది ఒకనాటి బాక్టీరియా సంతతే.

మింగినదాన్ని అరిగించుకోకుండా అట్టే పెట్టుకోవడం నమ్మశక్యమేనా అని మీకు సందేహం రావాలి. దీనికి ప్రయోగశాలలోనే ఒక సాక్ష్యం దొరికింది. 1966లో క్వాంగ్ జియోన్ అనే కొరియా శాస్త్రజ్ఞుడు అమెరికాలో పెంచుతున్న అమీబాలకు ఒక బాక్టీరియా సోకింది. ఒక్కొక్క అమీబాలో వేలకు వేలు చేరాయి. చాలా అమీబాలు చచ్చిపోయాయి. ఆయన వాటిని పారబొయ్యకుండా, మిగిలిన కొద్దిపాటి అమీబాలను సంవత్సరాల తరబడి పెంచుకుంటూ వచ్చాడు. అవి కోలుకున్నాయి, బాక్టీరియా మాత్రం లోపలే ఉండిపోయింది. అప్పుడాయన ఈ అమీబా కేంద్రకాన్ని తీసి, బాక్టీరియా సోకని మామూలు అమీబాలో, దాని కేంద్రకానికి బదులుగా పెట్టి చూశాడు. అలా చేసిన అమీబాలు బతకలేదు. బాక్టీరియాను కూడా లోపలికి ఎక్కిస్తే బతికాయి! చంపడానికి వచ్చినది కొన్నేళ్ళలోనే లేకపోతే గడవని చుట్టమై కూర్చుంది. ఓపిక గల శాస్త్రజ్ఞుడికి తప్ప ఇటువంటి సంగతి చిక్కదని నా అభిప్రాయం.

ఇక యూగ్లీనా దగ్గరికి వద్దాం. ఇక్కడ మనం పొరలు లెక్కపెట్టాలి. మీ పాఠ్యపుస్తకానికి అట్ట వేసుకుంటారు కదా. పై ఏడు ఆ పుస్తకం మీ తమ్ముడి చేతికి వెళ్ళి, వాడు పాత అట్ట తియ్యకుండా దాని మీద ఇంకొకటి వేస్తే, అట్టలు లెక్కపెట్టి పుస్తకం చేతులు మారిందని చెప్పవచ్చు. హరితరేణువు పొరలు కూడా అటువంటివే. మామూలు మొక్కలో దానికి రెండు పొరలుంటాయి. ఆ నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవికి మొదటినుంచీ ఉన్నవి రెండే కనుక ఇది సరిపోయింది. కాని యూగ్లీనాలో మూడు పొరలున్నాయి. డయాటమ్‌లోనూ కెల్ప్‌లోనూ నాలుగు!

ఎందుకంటే వాటి పూర్వీకులు మింగినది బాక్టీరియాను కాదు. అప్పటికే హరితరేణువు ఉన్న ఒక శైవలాన్ని. హరితరేణువు పొరలు రెండు, శైవలం ఒంటి పైపొర ఒకటి, మింగిన కణం చుట్టిన సంచి ఒకటి, మొత్తం నాలుగు. యూగ్లీనా వంశంలో వీటిలో ఒకటి రాలిపోయింది. యూగ్లీనా మింగినది ఆకుపచ్చ శైవలాన్ని. డయాటమ్‌లలోనూ కెల్ప్‌లలోనూ ఉన్నది ఎరుపు శైవలం నుంచి వచ్చినది. క్రిప్టోమోనాడ్ అనే ప్రొటిస్టులలోనైతే ఆ పొరల మధ్య ఒక బుల్లి కేంద్రకం ఇంకా మిగిలే ఉంది. అది మింగబడిన శైవలం కేంద్రకం. దొంగసొత్తు మీద అసలు సొంతదారు పేరు చెరిపెయ్యడం మరిచిపోయినట్టు!

యూగ్లీనా పచ్చదనం బయటినుంచి వచ్చినదనడానికి ఒక మందు కూడా సాక్ష్యం చెబుతుంది. స్ట్రెప్టోమైసిన్ పేరు వినే ఉంటారు. 1943లో మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఈ మందు క్షయవ్యాధి మీద పనిచేసిన మొదటి ఆంటీబయాటిక్. ఇది బాక్టీరియా రైబోసోములను పట్టుకుని ప్రోటీన్ల తయారీని చెడగొడుతుంది. 1948లో అమెరికాలో ముగ్గురు శాస్త్రజ్ఞులు ఈ మందు కలిపిన ద్రవంలో యూగ్లీనాను పెంచారు. వారిలో ఒకరైన ఆల్బర్ట్ షాట్జ్‌కు ఆ మందును కనిపెట్టడంలోనే భాగముంది. యూగ్లీనాలు చావలేదు, తెల్లబోయాయి. మందు తీసేసినా, తరాలు గడిచినా తిరిగి పచ్చబడలేదు. బాక్టీరియాను చంపే మందు పచ్చదనాన్ని మాత్రమే తుడిచిపెట్టి, తక్కిన కణాన్ని వదిలేసిందన్నమాట. పోషకాలు అందినంతకాలం ఆ తెల్లని యూగ్లీనాలు హాయిగా బతికాయి.

అయితే ఇలాంటి సొత్తు పోతే ఏ ప్రొటిస్టయినా ఇలాగే బతుకుతుందా? బతకని ఒకదాన్ని మనం బాగా ఎరుగుదుం.

అది మలేరియా పరాన్నజీవి, ప్లాస్మోడియం. అదీ ఏకకణ ప్రొటిస్టే. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు దాన్ని రోగి రక్తంలో చూశాడు. అది దోమలో పెరుగుతుందని కనిపెట్టినది మన సికింద్రాబాదులో. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమను కోసి, దాని కడుపు గోడలో ఎదుగుతున్న పరాన్నజీవిని చూశాడు. ఈ జీవి కథ అక్కడితో అయిపోలేదు. ప్లాస్మోడియంలో వలయంలాంటి చిన్న డి.ఎన్.ఏ. ఒకటి ఉన్నట్లు 1970లలోనే గమనించి, అది మైటోకాండ్రియాది కాబోలు అనుకున్నారు. 1996లో దాన్ని పూర్తిగా చదివి చూస్తే హరితరేణువుల డి.ఎన్.ఏ.ను పోలి ఉంది! అది ఉన్న భాగానికి ఎపికోప్లాస్ట్ అని పేరు పెట్టారు. దాని చుట్టూ పొరలెన్నో ఈపాటికి మీరే ఊహించి ఉంటారు. నాలుగు.

మన ఎర్రరక్తకణంలో దూరి బతికే క్రిమికి హరితరేణువు ఎందుకు? ఎండ కోసం కాదు. పత్రహరితం ఎప్పుడో పోయింది. 2008లో క్రొమెరా అనే మరో ప్రొటిస్టును గూర్చి ప్రకటించారు. ఆస్ట్రేలియాలో సిడ్నీ రేవులోని పగడాల నుంచి తీసిన జీవి అది. ప్లాస్మోడియానికి చుట్టమే, కాని దానికి చక్కగా పనిచేసే హరితరేణువు ఉంది, నేటికీ వెలుతురుతో ఆహారం చేసుకుంటుంది. ప్లాస్మోడియం పూర్వీకులూ ఒకప్పుడు అలా బతికినవేనని దీన్నిబట్టి తెలుస్తోంది. పరాన్నజీవి అయ్యాక వంటిల్లు మూతబడింది, కాని అందులో జరిగే ఒక చిన్న పని మాత్రం ఆగలేదు. కణానికి తప్పనిసరైన ఐసోప్రీన్ జాతి పదార్థాలకు ముడిసరుకు అక్కడే తయారవుతుంది. 2011లో ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు రక్తంలో పెరిగే ప్లాస్మోడియం నుంచి ఎపికోప్లాస్ట్‌ను మందుతో పోగొట్టి, ఆ ఒక్క ముడిసరుకును బయటినుంచి అందించారు. క్రిమి బతికింది. అందించడం మానితే చచ్చింది.

ఇప్పుడు చూడండి. 2023లో కూడా ప్రపంచంలో మలేరియాతో సుమారు 6 లక్షల మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆఫ్రికాలోని పసిపిల్లలు. దాన్ని కలిగించే క్రిమి బాక్టీరియా కాదు, దానిదీ మనలాగే కేంద్రకమున్న కణం. అలాంటప్పుడు బాక్టీరియా మీద వాడే మందు దాని మీద పనిచెయ్యకూడదు. కాని డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది! ఎపికోప్లాస్ట్‌లోని రైబోసోములు బాక్టీరియా రకానివి కనుక మందు అక్కడ దెబ్బ కొడుతుంది. విచిత్రమేమంటే, మందు తగిలిన క్రిమి అప్పుడే చావదు. రెండు రోజులలో తన వంతు పూర్తి చేసుకుని పిల్లలను కూడా పెడుతుంది. పనిచేసే ఎపికోప్లాస్ట్ అందని ఆ పిల్లలు కొత్త రక్తకణంలో దూరాక చస్తాయి. ఇంత నిదానం కనుకనే జ్వరం వచ్చిన రోగికి డాక్సీసైక్లిన్ ఒక్కటే ఇవ్వరు. క్వినైన్ వంటి త్వరగా పనిచేసే మందుతో కలిపి ఇస్తారు. మలేరియా ప్రాంతాలకు వెళ్ళే ప్రయాణికులకు ముందు జాగ్రత్తగా రోజుకొక మాత్ర వేసుకోమని చెప్పడమూ ఉంది. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకూ గర్భిణులకూ సాధారణంగా ఈ మందు ఇవ్వరు.