పండగ విందు ఖర్చు ఏ పద్దులో రాయాలి?

జమ్మలమడుగు: డిసెంబర్ వచ్చిందంటే జమ్మలమడుగు, ఎర్రగుంట్ల దారిలోని బండల ఫ్యాక్టరీలలో ఒక చర్చ మొదలవుతుంది. పాలిష్ మిషన్ల దగ్గర పనిచేసేవారిలో క్రైస్తవులు చాలామంది. లండన్ మిషన్ వారి కాలం నుంచి క్యాంప్‌బెల్ ఆస్పత్రి ఉన్న ఊరు ఇది. ఇక్కడ క్రిస్మస్ ఒక్క చర్చికే పరిమితమైన పండగ కాదు. ఫ్యాక్టరీలో కేకు కోయాలి, పొట్టేలు మాంసంతో భోజనం పెట్టాలి, కూలీల ఆడవాళ్లకు చీరలు ఇవ్వాలి. యజమాని ఏ మతస్థుడైనా ఆ వేళకు చెయ్యి ముడుచుకుంటే జనవరిలో పనివాళ్లు పక్క ఫ్యాక్టరీకి పోతారనే భయం ఉండనే ఉంది.

ప్రొద్దుటూరులో ఇదే తంతు దసరాకు జరుగుతుంది. అమ్మవారిశాలలో ఉత్సవాలు చూడటానికి ఊళ్లకు ఊళ్లు తరలివచ్చే రోజుల్లో బంగారు అంగళ్లలో, బట్టల అంగళ్లలో గుమాస్తాలకు కొత్త బట్టలు, ఆయుధపూజ నాడు ఓళిగల భోజనం మామూలే. పులివెందుల అరటి మండీల్లో హమాలీలకు పండగ మామూళ్లు ఇస్తారు. మూడు ఊళ్లలోనూ ఖర్చు తప్పదు. అయితే ఆ ఖర్చును వ్యాపారం పద్దులో రాసుకోవచ్చా, లేక యజమాని సొంత జేబు లెక్కేనా అన్న అనుమానం చాలామంది చిన్న వ్యాపారులకు తీరడం లేదు. కొందరు భయపడి అసలు రాయరు. మరికొందరు ఇంట్లో పెళ్లిచూపుల భోజనం కూడా ఇందులోనే కలిపి రాస్తారు. రెండూ తప్పే.

చట్టం ఏమంటున్నది?

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 37వ సెక్షన్ ప్రకారం పూర్తిగా వ్యాపారం కోసమే పెట్టిన ఖర్చును లాభంలోంచి తీసివేయవచ్చు. అది సొంత ఖర్చు కాకూడదు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా చేసిన 2025 నాటి కొత్త చట్టంలోనూ ఈ సూత్రం అలాగే ఉంచారు. పనివారికి పెట్టిన విందు వారి సంక్షేమం కిందికి వస్తుంది. పనివారు నిలబడితేనే పని నిలుస్తుంది కాబట్టి అది వ్యాపారపు ఖర్చే.

పండగ పేరు చూసి భయపడనక్కరలేదు. దీపావళి, ముహూర్తం ఖర్చులు వ్యాపారపు ఖర్చుల వంటివేనని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 1968 అక్టోబర్‌లోనే తన అధికారులకు తెలిపింది. కాకుంటే అవి సొంత, సాంఘిక, మతపరమైన ఖర్చులు కావని అధికారికి నమ్మకం కలగాలని కూడా అందులోనే చెప్పింది. తిరకాసు అక్కడే ఉంది. ఫ్యాక్టరీలో పనివారికి పెట్టిన క్రిస్మస్ భోజనం పద్దులోకి వస్తుంది. చర్చికి గానీ, గుడికి గానీ రాసిన చందా ఆ పద్దులోకి రాదు. భోజనానికి వచ్చిన వంద మందిలో పనివారు పన్నెండు మంది, మిగతా వారంతా బంధువులైతే ఆ బిల్లు ఏ అధికారి ముందు పెట్టినా నిలవదు.

మనిషికి ఇంత అని మన చట్టంలో హద్దు లేదు. బ్రిటన్‌లో పనివారందరినీ పిలిచే ఏటి విందుకు తలకు 150 పౌండ్ల వరకు పనివాడి మీద పన్ను వేయరు. మన దగ్గర 2005 నుంచి 2009 దాకా ఫ్రింజ్ బెనిఫిట్ పన్ను అని ఒకటి వేశారు. పండగ ఖర్చుల మీద కూడా కంపెనీలు, భాగస్వామ్య సంస్థలు అది కట్టవలసి వచ్చేది. సొంత పేరుతో అంగడి నడిపేవారికి మాత్రం అది తగల్లేదు. 2009లో దాన్ని ఎత్తివేశారు.

రాస్తే ఎంత మిగులుతుంది?

పద్దులో రాస్తే ఖర్చంతా తిరిగి వస్తుందని అనుకునేవారు ఉన్నారు. అది పొరపాటు. ఇద్దరు భాగస్థుల బట్టల అంగడి పన్నెండు మంది గుమాస్తాలకు విందు, బట్టల కింద 36,000 రూపాయలు పెట్టిందనుకుందాం. భాగస్వామ్య సంస్థకు పన్ను 30 శాతం, దానిపై సెస్సు 4 శాతం, వెరసి 31.2 శాతం. అంటే పన్నులో తగ్గేది 11,232 రూపాయలు. మిగతా 24,768 రూపాయలు అంగడి భరించాల్సిందే.

ఇక అసలు లెక్కలే రాయకుండా అంచనా పద్ధతిలో పన్ను కట్టే చిన్న అంగళ్లకు ఈ చర్చే అనవసరం. ఏటా 2 కోట్ల లోపు వ్యాపారం చేసేవారు అమ్మకాల్లో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ముపై 6 శాతం లాభంగా చూపితే చాలు. అన్ని ఖర్చులూ అందులోనే పోయినట్లు లెక్క. విందు పెట్టినా పెట్టకపోయినా పన్ను మారదు. మన మూడు ఊళ్లలో కిరాణా అంగళ్లవారు ముందు తాము ఏ పద్ధతిలో ఉన్నారో ఆడిటరును అడిగి తెలుసుకోవడం మంచిది.

జీఎస్టీ సంగతి వేరు. వంటవాడి బిల్లుపై కట్టిన జీఎస్టీని సాధారణంగా తిరిగి పొందలేరు. భోజనం, క్యాటరింగు మీద ఆ సదుపాయాన్ని చట్టమే ఆపింది. పనివారికి కానుకగా ఇచ్చిన బట్టలదీ అదే పరిస్థితి.

కాగితం ముఖ్యం

షామియానా, వంట, మాంసం అన్నీ నగదు బేరాలే. ఒకే మనిషికి ఒకే రోజు 10,000 రూపాయలు దాటి నగదు ఇస్తే ఆ మొత్తాన్ని ఖర్చుగా ఒప్పుకోరు. వంటమేస్త్రీకి 18,000 ఇవ్వాల్సి వస్తే బ్యాంకు ద్వారా ఇవ్వాలి. మాంసం అంగడివాడు బిల్లు ఇవ్వడు కాబట్టి తేదీ, తూకం, ధర రాసిన వోచరుపై అతని సంతకం తీసుకోవాలి. వచ్చిన పనివారి పేర్ల జాబితా దానికి జత చేయాలి.

పులివెందుల మండీల్లో చిక్కు మరొకటి. అరటి గెలలు ఎత్తే హమాలీలు మస్టరులో ఉండరు. వారి మేస్త్రీ చేతికి మొత్తంగా డబ్బు ఇచ్చేస్తారు. మస్టరులో పేరు లేనంత మాత్రాన ఆ ఖర్చు చెల్లదని కాదు. మండీ పనికే ఇచ్చారని చూపగలిగితే చెల్లుతుంది. మేస్త్రీ ఒక్కడి సంతకంతో సరిపెట్టకుండా ఒక్కొక్కరి వేలిముద్ర తీసుకుంటే, ఆ డబ్బు హమాలీల చేతికి అందిందో లేదో కూడా తేలుతుంది. పన్ను మాట ఎలా ఉన్నా, ఇది హమాలీలకు ఎక్కువ మేలు.

పనివారు గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే చోట 1965 నాటి బోనస్ చట్టం కనీసం 8.33 శాతం బోనస్ ఇవ్వాలన్నది. దాని స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ అదే శాతం ఉన్నది. బిర్యానీ పెట్టాం, చీర ఇచ్చాం కదా అని ఆ బోనస్ ఎగ్గొట్టే వీలు లేదు. విందు విందే, బోనస్ బోనసే.

వ్యాపారపు ఏడు మార్చి 31తో ముగుస్తుంది గనుక దసరా, క్రిస్మస్ బిల్లులు రెండూ ఒకే ఏటి పద్దులో పడతాయి. ఉగాది విందు పెట్టేవారికే గందరగోళం. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. రెండు ఉగాదుల ఖర్చూ ఒకే ఏటి పద్దులో పడింది. అంతకు ముందటి ఏడు, అంటే 2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా, లెక్కల పుస్తకంలో ఉగాదే లేదు.