రౌటర్ ప్రత్యామ్నాయ వ్యవస్థ: వీఆర్ఆర్‌పీ పనితీరు, అమరిక

ప్రవేశిక:
స్థానిక నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లు బయటి నెట్‌వర్క్‌లను చేరుకోవడానికి గేట్‌వే చిరునామాపై ఆధారపడతాయి. ఆ చిరునామా గల రౌటర్ ఆగిపోతే, తక్కినవన్నీ సక్రమంగా ఉన్నా బయటికి దారి మూసుకుపోతుంది. పక్కన మరో రౌటర్‌ను ఉంచినంత మాత్రాన సమస్య తీరదు. కంప్యూటర్లకు తెలిసినది మొదటి రౌటర్ చిరునామా మాత్రమే. ఈ లోటును పూరించడానికి సిస్కో సంస్థ హెచ్ఎస్ఆర్‌పీని రూపొందించింది. వేర్వేరు తయారీదారుల పరికరాలకు వర్తించే ప్రమాణంగా వీఆర్ఆర్‌పీ 1998లో వెలువడింది.

1. పనిచేసే విధానం:
రెండు రౌటర్లకు 192.168.10.2, 192.168.10.3 అనే సొంత చిరునామాలు ఉన్నాయనుకుందాం. కంప్యూటర్లకు మాత్రం 192.168.10.1 అనే ఉమ్మడి చిరునామానే గేట్‌వేగా ఇస్తారు. దీనికి ఉమ్మడి మ్యాక్ చిరునామా కూడా ఉంటుంది. ప్రాధాన్య సంఖ్య ఎక్కువగా ఉన్న రౌటర్ మాస్టర్ అవుతుంది; 2024 నాటి ప్రమాణం దీనినే 'యాక్టివ్' అని వ్యవహరిస్తుంది. అది సాధారణంగా సెకనుకొకసారి తన ఉనికిని ప్రకటిస్తుంది. ప్రాధాన్యం 100 గల బ్యాకప్ రౌటర్ సుమారు 3.6 సెకన్లపాటు ప్రకటన అందకపోతే బాధ్యతను స్వీకరిస్తుంది. ఉమ్మడి చిరునామాలు మారవు కనుక కంప్యూటర్లలో ఏ మార్పూ అవసరం లేదు.

2. అమరికలో కీలకాంశాలు:
లేయర్-3 స్విచ్‌లో ప్రతి వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌కూ ఈ అమరిక విడిగా చేయాలి. గ్రూపు సంఖ్య, ఉమ్మడి చిరునామా, ప్రకటన వ్యవధి రెండు పరికరాల్లోనూ ఒకటిగా ఉండాలి.

అసలు చిక్కు మరొకచోట ఉంది. ఈ ప్రకటనలు స్థానిక నెట్‌వర్క్ వైపు మాత్రమే వెలువడతాయి. మాస్టర్‌కు ఇంటర్నెట్ లింకు తెగిపోయినా అది ప్రకటిస్తూనే ఉంటుంది, బ్యాకప్ కదలదు. అందుకే ట్రాకింగ్ అమర్చాలి. మాస్టర్ ప్రాధాన్యం 120, బ్యాకప్‌ది 100 అయితే, లింకు తెగినప్పుడు 30 తగ్గేలా చేస్తే మాస్టర్ సంఖ్య 90కి దిగి బాధ్యత చేతులు మారుతుంది. ఇందుకు బ్యాకప్‌లో ప్రీఎంప్ట్ పనిచేస్తూ ఉండాలి. వీఆర్ఆర్‌పీలో అది సహజంగానే ఉంటుంది. హెచ్ఎస్ఆర్‌పీలో విడిగా అమర్చాలి. రెండు రౌటర్ల మధ్య ప్రకటనల మార్గమే తెగితే రెండూ తామే మాస్టరని భావిస్తాయి. కాబట్టి ఆ మార్గానికీ ప్రత్యామ్నాయం అవసరం.

ముగింపు:
రెండు రౌటర్లూ ఒకే విద్యుత్ వనరుపై నడుస్తుంటే కరెంటు పోయినప్పుడు రెండూ ఆగిపోతాయి. పరికరాల సంఖ్య కన్నా, బాధ్యత ఎప్పుడు, ఎలా మారాలో నిర్ణయించే నియమాలే ముఖ్యం. మాస్టర్‌ను ఆపి ఒకసారి, ఇంటర్నెట్ లింకును మాత్రమే తొలగించి మరొకసారి పరీక్షించినప్పుడే ఆ నియమాలు పనిచేస్తున్నాయని నిర్ధారణ అవుతుంది.