ఇటుకలతో కట్టిన నభోనౌక

2013వ సంవత్సరము మే నెల 23వ తేదీన, న్యూయార్కు నగరమందలి టైమ్స్ స్క్వేరు కూడలిలో, రేయింబవళ్లు జనసమ్మర్దముతో క్రిక్కిరిసి యుండు ఆ రాజవీథుల నడుమ, 11 అడుగుల ఎత్తును, 43 అడుగుల పొడవును, ఱెక్కకొన నుండి ఱెక్కకొనకు 44 అడుగుల వెడల్పును గల యొక నభోనౌక ప్రజలకు దర్శనమొసగెను. అది యెగురునది కాదు. పసిపిల్లలు ఇంటి నట్టింట పఱచుకొని యాడుకొను లెగో ఇటుకలను 53,35,200 పేర్చి, లోపల ఉక్కుచట్రమును నిలిపి, నిర్మించిన నమూనా యది. అంతవఱకు లోకమున లెగో ఇటుకలతో కట్టబడిన వస్తువులలో దీనికి మించినది లేకుండెను. అయినను ఆ సంఖ్య నన్ను అంతగా ఆకర్షింపలేదు. ఒక చిన్న వస్తువును పెద్దది చేయుట యనగా ఏమి, అట్లు చేయుటకు ఎట్టి బుద్ధిబలము, ఎవ్వరి ధనము కావలసివచ్చును అను రెండు ప్రశ్నలకు ఈ నౌక చరిత్రలో లభించునంత స్పష్టమైన సమాధానము మఱియొక చోట నాకు లభింపలేదు.

దీని వంశావళి 1977లో విడుదలయైన ‘స్టార్ వార్స్’ చలనచిత్రముతో ఆరంభమగును. ఆ చిత్రమునకు కావలసిన నౌకల తొలిరూపములను కల్పించినవాడు కోలిన్ కాంట్వెల్. పానశాలలలో గోడపలకపైకి విసరి యాడు డార్టు బాణము తన మనస్సునకు తట్టగా, నాలుగు ఱెక్కలు విచ్చుకొన్నప్పుడు ఆంగ్లాక్షరమైన ‘ఎక్స్’ ఆకారము తాల్చు ‘ఎక్స్‌వింగ్’ నౌకను రూపొందించితినని ఆయనయే చెప్పియున్నాడు. తెరపై మనము చూచిన నౌకలలో పెక్కులు అరచేతులలో నెత్తదగిన నమూనాలే. అంగళ్లలో అమ్ముడుపోవు ప్లాస్టిక్ విమానముల, యుద్ధశకటముల బొమ్మపెట్టెలను కొనితెచ్చి, వాని ముక్కలను వెలికితీసి, ఆ నౌకల దేహములకు అతికించి, యంత్రభాగములను చూచుచున్నామను భ్రాంతిని శిల్పులు కలిగించిరి. కావున ఈ నౌక పుట్టుకతోనే బొమ్మ. బొమ్మముక్కలతో పుట్టినది, బొమ్మముక్కలతోనే మహాకాయమును ధరించినది.

ఇక లెగో ఇటుకను గూర్చి. డెన్మార్కు దేశమందలి బిల్లుండ్ గ్రామమున ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ అను వడ్రంగి 1932లో కొయ్యబొమ్మల పని చేపట్టెను. రెండవ ప్రపంచ సంగ్రామానంతరము ప్లాస్టిక్‌ను అచ్చులలో పోయు యంత్రమును తెప్పించుకొని, 1949లో ఒకదానిపై నొకటి నిలుచు ఇటుకలను విక్రయింపసాగెను. ఇంగ్లాండులో హిలరీ ఫిషర్ పేజ్ చేసిన ఇటుకలే వీనికి మాతృక. కాని ఆ తొలి ఇటుకల కడుపు బోలు. పైన బొడిపెలున్నను క్రింద వానిని పట్టుకొనునది లేకపోవుటచే కట్టినది కట్టినట్లు నిలువక జాఱిపోవుచుండెను. ఓలె కుమారుడు గోట్‌ఫ్రెడ్ హయాములో ఇటుకలోపల గొట్టములను అమర్చు ఉపాయము దొరకెను. 1958 జనవరి 28వ తేదీన దానికి పేటెంటు కోరిరి. క్రింది ఇటుక బొడిపె పై ఇటుక గోడకును గొట్టమునకును నడుమ బిగియుచున్నది. ఆ ఎడము బొడిపె కన్న లేశమాత్రము తక్కువగుటచే ప్లాస్టిక్ కించిత్తు సాగి, తిరిగి తన రూపమునకు రాజూచుచు, ఆ యత్నములోనే బొడిపెను గట్టిగా పట్టుకొనును. 1963లో సెల్యులోజ్ అసిటేట్‌ను విడిచి అక్రిలోనైట్రైల్ బ్యూటడయీన్ స్టైరీన్, అనగా ఏ.బీ.ఎస్., అను ప్లాస్టిక్‌ను గ్రహించిన పిమ్మట ఆ పట్టు చిరకాలము చెడక నిలుచు గుణము సిద్ధించెను. ఒక బొడిపె మధ్యమునుండి పక్క బొడిపె మధ్యమునకు 8 మిల్లీమీటర్లు. బొడిపె వ్యాసము 4.8 మిల్లీమీటర్లు. ఈ కొలతలు నేటికిని మాఱలేదు. 1958నాటి ఇటుకపై నేటి ఇటుక బిగియునన్న, ఆ అచ్చులు చేసిన లోహకారుల నిష్ఠకు మనము నమస్కరింపవలసినదే.

‘స్టార్ వార్స్’ నౌకల నమూనాలను లెగో సంస్థ 1999లో అమ్మనారంభించెను. పరుల కథను కొనితెచ్చుకొని బొమ్మలు చేయుట ఆ సంస్థకు అదియే ప్రథమము. 2012లో వెలువడిన 9493 సంఖ్య గల ఎక్స్‌వింగ్ పెట్టెలో 560 ముక్కలు గలవు. కట్టి ముగించిన నౌక పొడవు మూరెడునకు లోపే. టైమ్స్ స్క్వేరులో నిలిచినది సరిగా ఈ బొమ్మకే 42 రెట్ల ప్రతిరూపము. శిల్పులు చలనచిత్రములోని నౌకను అనుకరింపక, బొమ్మనే అనుకరించిరి. చిన్నబొమ్మలో బొడిపె యున్నచోట పెద్ద నౌకపై 20 సెంటీమీటర్ల వ్యాసము గల మహాబొడిపె యుండెను. రెండు బొడిపెల వెడల్పును నాలుగు బొడిపెల పొడవును గల సామాన్యమైన యిటుక, ఈ లెక్కన, 1.3 మీటర్ల పొడవు గల దూలమై కూర్చుండును. ఆ మహాబొడిపెను మరల చదరపు చిన్న ఇటుకలతోనే వర్తులముగా పేర్చవలెను. దగ్గఱ నిలిచి చూచినప్పుడు మెట్లుమెట్లుగా కనబడు ఆ యంచు పదిబారల దూరమునుండి గుండ్రముగా తోచును.

ఇచ్చట గణితమును కొంచెము నెమ్మదిగా విచారింపవలసి యున్నది. పొడవు 42 రెట్లు పెరిగిన, ఉపరితలము 42ను 42చే గుణించిన లబ్ధము, అనగా 1,764 రెట్లు పెరుగును. ఘనపరిమాణము 74,088 రెట్లగును. చిన్నబొమ్మలోని ప్రతి ముక్కను లోపల వెలితి లేకుండ ఇటుకలతో నింపి పెద్దది చేయగోరినచో 560 ముక్కలకు బదులుగా నాలుగు కోట్ల పదునాలుగు లక్షలకు పైగా ముక్కలు కావలెను. పైపొర మాత్రమే ఒక ఇటుక మందమున కట్టుదమన్నచో పదిలక్షలకు లోపుగా సరిపోవును. ముక్కలన్నియు ఏకపరిమాణములు కావు గనుక ఇది స్థూలగణనమే. అయినను వాస్తవముగ వాడిన యేబదిమూడు లక్షలు ఈ రెంటి నడుమ, పైపొర లెక్కకు చేరువగా పడుట గమనింపదగినది. శిల్పులు గోడలను దళసరిగా పేర్చి, గర్భమును బోలుగా విడిచి, ఆ బోలులో ఉక్కును నిలిపిరని ఆ అంకెయే చెప్పుచున్నది.

ఉక్కు ఏల కావలెను? ఈ ప్రశ్నకు సమాధానమును 1638లోనే గెలీలియో తన ‘రెండు నూతన శాస్త్రములు’ అను గ్రంథమున ఇచ్చియుండెను. జంతువు ఆకృతి మాఱక పెరుగుకొలది దాని బరువు ఘనపరిమాణమును అనుసరించి పెరుగును. ఎముక బలమో, అడ్డుకోత వైశాల్యమును మాత్రమే అనుసరించును. అందుచేత మూడు రెట్లు పొడవైన జంతువునకు ఎముక మూడు రెట్లు లావైన చాలదు, విపరీతముగ లావు కావలెనని ఆయన బొమ్మగీచి చూపెను. మన నౌకకు ఈ నియమమును అన్వయించినచో, చిన్నబొమ్మ ఱెక్క తన బరువును తాను మోయుటలో పడు ఒత్తిడి పెద్ద నౌక ఱెక్కలో 42 రెట్లగును. చేతిలోనున్న బొమ్మకు తన బరువు లెక్కలోనిది కాదు. పెద్ద నౌకకు తన బరువే ప్రథమశత్రువు.

ఇటుకకు బలము లేదని దీని యర్థము కాదు. 2012లో ఇంగ్లాండు దేశపు ఓపెన్ యూనివర్సిటీ యంత్రశిల్పులు, రెండు బొడిపెల వెడల్పు, రెండు బొడిపెల పొడవు గల యొక ఇటుకను యంత్రముతో నొక్కి పరీక్షింపగా, అది సుమారు 4,240 న్యూటన్ల బలమునకు, అనగా 432 కిలోగ్రాముల బరువునకు గాని లొంగలేదు. నిటారుగా పేర్చినచో 3,75,000 ఇటుకల బరువునకు, మూడున్నర కిలోమీటర్ల ఎత్తునకు, అడుగునున్న ఇటుక తాళగలదని వారు లెక్కగట్టిరి. కాని ఇది నొక్కుడుకు తాళు బలము. లాగుడు విషయమున కథ వేఱు. బొడిపె పట్టు ఎంతటిదో, పసివాని చేతివ్రేళ్లు రెండిటుకలను విడదీయునప్పుడే మనకు తెలియుచున్నది. ఎక్స్‌వింగ్ ఱెక్కలు ఒక కొన ఆధారముతో గాలిలోనికి చాచుకొని యుండును; అట్టి ఱెక్క పైవైపు లాగుడును, క్రిందివైపు నొక్కుడును ఏకకాలమున సంభవించును. మనము కట్టు కాంక్రీటు దూలములో లాగుడును భరించుటకు ఉక్కుకడ్డీలను వేయుట యెట్లో, ఇచ్చటను ఉక్కు అట్లే. నొక్కుడు పాలు ఇటుకది, లాగుడు పాలు ఉక్కుది. నౌక మొత్తపు బరువు 20 టన్నులకు పైబడెను. సామాన్యమైన ఇటుక ఒక్కంటి బరువు రెండున్నర గ్రాములకు లోపు. అట్టివి యేబదిమూడు లక్షలైనను పదుమూడున్నర టన్నులకు మించవు. శేషించిన బరువులో అధికభాగము చట్రమునదే కావలెను.

ఉక్కును, ప్లాస్టిక్‌ను ఒకే దేహమున కూర్చుటలో మఱియొక చిక్కు గలదు. వేడిమికి ఏ.బీ.ఎస్. ప్లాస్టిక్ ఉక్కు కన్న ఆఱేడు రెట్లు అధికముగ వ్యాకోచించును. పదుమూడు మీటర్ల దేహము ప్రాతఃకాలపు చల్లదనమునుండి మధ్యాహ్నపు టెండకు మాఱి ముప్పది డిగ్రీలు వేడెక్కినచో, ఉక్కు అర సెంటీమీటరు మాత్రము సాగగా, ఇటుకలు మూడు సెంటీమీటర్లు సాగగోరును. ఆరుబయట నిలుపదలచిన యిట్టి నమూనాలను రచించువారికి ఈ చలనమునకు చోటు చూపుట, గాలి తాకిడిని, దారిపొడుగునను కలుగు కుదుపులను లెక్కించుట, ఇటుకల రంగులెన్నుకొనుట కన్న నూఱు రెట్లు శ్రమకరమైన పని. టైమ్స్ స్క్వేరు క్రింద భూగర్భ రైలుమార్గములున్నవి గనుక, ఈ బరువును ఎచ్చట మోపవలెననునది గూడ వారి విచారణలో చేరెను.

నిర్మాణము జరిగినది చెక్ దేశమందలి క్లాద్నోలో. ప్రాగ్ నగరమునకు వాయవ్యముగానున్న ఈ పట్టణము ఉక్కునకు చిరప్రసిద్ధము. 1889లో ఇచ్చట పోల్దీ ఉక్కు కర్మాగారమును స్థాపించినవాడు కార్ల్ విట్‌గెన్‌స్టైన్, తత్త్వవేత్త లుడ్విగ్ విట్‌గెన్‌స్టైన్ తండ్రి. ఉక్కు పట్టణమున ఇటుకల నౌకకు ఉక్కు వెన్నెముక లభించుట యాదృచ్ఛికమే యైనను, నాకు సంతోషము కలిగించిన సంగతి. ఇచ్చటి లెగో శిల్పశాలలో 32 మంది నిపుణులు మొత్తము 17,336 గంటలు శ్రమించిరి. ఆ లెక్కన మనిషికి సుమారు 540 గంటలు. గంటకు మున్నూటికి పైగా, అనగా నిమిషమునకు అయిదు ఇటుకలు. పైకి తేలికగా తోచవచ్చును గాని, గణకయంత్రము పొరపొరగా గీచిచ్చిన చిత్రములను చూచి, రంగు తప్పక, అతుకు మీద అతుకు పడక, జిగురుతో బిగించుచు, పూటలకొలది అదే వేగమున సాగుట యెంతటి ఓర్పునకు పరీక్షయో చేతిపని యెఱిగినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక ధనము. లెగో ప్రియులలో ఇటుక ఒక్కంటికి పది అమెరికా సెంట్లను ఉజ్జాయింపు ధర వాడుకలో నున్నది. ఆ ధరకు కొనువారైనచో ఈ నౌక ఇటుకలకే అయిదు లక్షల ముప్పదిమూడు వేల డాలర్లు కావలెను. ఉక్కు, కూలి, సముద్రముపై రవాణా దీనికి అదనము. ఏ ఔత్సాహికుడును ఒంటరిగా భరింపగల మొత్తము కాదిది. లెగో సంస్థకైనను ఊరక వెచ్చింపబుద్ధి పుట్టలేదు. ఆ మే నెల 29వ తేదీన ప్రసారము కానున్న ‘ద యోడా క్రానికల్స్’ అను బొమ్మల చిత్రమునకు ప్రచారముగా దీనిని మూడు దినములు కూడలిలో నిలిపి, తరువాత కాలిఫోర్నియాలోని లెగోలాండు ఉద్యానవనమునకు తరలించిరి. విజ్ఞానము, శిల్పము, వాణిజ్యమును ఒకదాని భుజముపై నొకటి చేయివైచి నడచుట మన కాలపు లక్షణము. ప్రకటనకై వెచ్చించిన ధనమే యైనను, దాని ఫలముగా ఇంతటి నిర్మాణకౌశలము వెలికివచ్చినందుకు నేను విచారింపను.

అయితే ఇట్టి నమూనాలకు ధనము సమకూర్చు మార్గము ఇదొక్కటే కాదు. 2008లో జపానులో మొదలై, నేడు ‘లెగో ఐడియాస్’ అని వ్యవహరింపబడు పద్ధతిలో, సామాన్యుడు తన నమూనాను లోకము ముందుంచి పదివేలమంది మద్దతును కూడగట్టినచో, సంస్థ దానిని పరిశీలించి, నచ్చినయెడల అచ్చులకు, పెట్టెలకు, విక్రయమునకు తానే వెచ్చించి, నికర విక్రయములో నూటికి ఒక వంతు రూపకర్తకిచ్చును. మద్దతుదారులు పైస చెల్లింపరు. కొనువారుందురను హామీని మాత్రము ఇత్తురు. ఈ మార్గమున వచ్చిన తొలి నమూనాలలో ఒకటి, ఇటొకావా గ్రహశకలపు ధూళిని 2010లో భూమికి తెచ్చిన జపాను వారి హయబుసా నౌక. ఫెలిక్స్ స్టీసెన్, వాలెరీ రోష్ అను ఔత్సాహికులు ఇట్లే ప్రతిపాదించిన చంద్రయాన రాకెట్టు ‘శాటర్న్ ఫైవ్’ను 2017 జూన్‌లో సంస్థ విడుదల చేసెను. నిజమైన రాకెట్టు 110 మీటర్ల పైచిలుకు. నమూనా అందులో నూటపదియవ వంతు, అనగా ఒక మీటరు ఎత్తు. ముక్కల సంఖ్య 1,969. చంద్రునిపై మానవుడు పాదము మోపిన సంవత్సరమును స్మరింపజేయుటకై బుద్ధిపూర్వకముగా కుదిర్చినది. విడుదలనాటి వెల 120 డాలర్లు, అనగా ముక్కకు ఆఱు సెంట్లు.

ఇందు ఉక్కు లేదు, అవసరమును లేదు. మధ్య చదరపు స్తంభమును నిలిపి, దాని నలువైపులకు బొడిపెలు వెలికి చూచునట్లు ఇటుకలను త్రిప్పి, వంపు పలకలను చుట్టును అతికించి, 17 సెంటీమీటర్ల వర్తులమును సాధించిరి. మూడు అంచెలును నిజమైన రాకెట్టునందువలెనే విడదీయ వచ్చును. మీటరు ఎత్తు వఱకు ఇటుక పట్టు తన బరువును తానే మోయగలదు. అచ్చటినుండి పదుమూడు మీటర్లకు పోవుత్రోవలో ఎచ్చటనో ఉక్కు ప్రవేశింపక తప్పదు, ఉక్కుతోపాటు క్రేన్లు, లెక్కగట్టు యంత్రశిల్పులు, వారి వేతనమిచ్చు పెద్దసంస్థయు రాక తప్పదు. రెండింటిలో ఏది నచ్చునని నన్నడిగినచో శాటర్న్ నమూనానే పేర్కొందును. ఎక్స్‌వింగ్‌ను జనులు చూచి వెడలిరి. శాటర్న్‌ను వేలకొలది గృహములలో జనులు స్వహస్తములతో కట్టిరి, మొదటి అంచె ఎచ్చట విడిపోవునో, చంద్రునిపై దిగు చిన్ననౌక ఎచ్చట దాగియుండునో, వ్రేళ్లతో తడవి తెలిసికొనిరి.