భయము, సందేహము ఉన్నప్పుడు ఎలా ప్రార్థించాలి?



ఈ పత్రికలో మేము మామూలుగా బి.పి., షుగరు, గర్భిణుల ఆహారం, పిల్లల టీకాల గురించి వ్రాస్తుంటాము. ఈసారి మందుల షాపులో దొరకని సంగతి ఒకటి వ్రాయాలనుకున్నాము. రాత్రి డ్యూటీ చేసే మా సిస్టర్లను పేషెంట్లు, వాళ్ల ఇంటివాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "భయమైతాంది సిస్టరమ్మా, ప్రార్థన చేద్దామంటే నోట మాట రావడం లేదు. లోపల నమ్మకం లేకుండా చేస్తే దేవుడు వింటాడా?" పగలు ఎవరూ దీన్ని అడగరు. పగలు పాస్టరుగారు వస్తారు, సంఘస్థులు వస్తారు, వారి ముందు అందరూ "దేవుని కృప వల్ల బాగున్నాము" అంటారు. రాత్రి రెండు గంటలకు సెలైన్ మార్చడానికి వెళ్తే అప్పుడు నిజం బయటికొస్తుంది.

కొన్నేళ్ల క్రితం జరిగిన సంగతి చెప్తాము. పేరు, ఊరు చెప్పము. చిలమత్తూరు మండలంలో ఒక పల్లె అంటే చాలు. (2022లో మన మండలం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గాని మాకు ఇప్పటికీ అనంతపురం అనే నోటికి వస్తుంది.) వానలు లేక శెనక్కాయ పంట పోయి, ఇంటాయన బెంగుళూరులో బేల్దారి పనికి పోయిన ఇల్లు. తొమ్మిదేళ్ల పిల్లవాడికి మూర్ఛ, అంటే ఫిట్స్. మాత్రలు మొదలుపెట్టాక ఏడు నెలలు ఒక్కసారి కూడా రాలేదు. అంతలో ఊరికి వచ్చిన కొందరు ప్రార్థనవాళ్లు ఆ తల్లితో, విశ్వాసముంటే మాత్రలెందుకు, మాత్ర మింగించడమంటే దేవుణ్ణి సందేహించడమే అన్నారు. ఆమె మాత్రలు ఆపేసింది. నాలుగో రోజు రాత్రి ఫిట్స్ మొదలై ఆగలేదు. ఇంట్లోవాళ్లు పిల్లవాడి చేతిలో తాళాలు పెట్టారు, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ పెట్టారు. ఆటో దొరికి మా దగ్గరికి చేరేసరికి ముప్పావు గంట దాటిపోయింది.

డాక్టరుగారు ఇంజెక్షను ఇచ్చారు, ఆక్సిజన్ పెట్టాము, ఫిట్స్ ఆగాయి. పిల్లవాడు మాత్రం కళ్లు తెరవలేదు. తల్లి మంచం పక్కన నేల మీద కూర్చుంది. ప్రార్థన చేద్దామా అమ్మా అంటే తల అడ్డంగా ఊపింది. "మాత్తర్లు ఆపింది తప్పా, ఆపినాక కూడా లోపల అనుమానపడినానే, అది తప్పా? ఏదైనా నా వల్లే. నేను అడిగితే ఇంగా ఎక్కువైతాది" అంది.

ఆ మాటకు మా దగ్గర వెంటనే జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి మాకూ పెద్ద నమ్మకం లేదు. అంతసేపు ఫిట్స్ ఆగని పిల్లల్లో కొందరు ఏ స్థితిలో ఇంటికి పోతారో చూసినవాళ్లము. మేమూ ఆమె పక్కనే కింద కూర్చున్నాము. మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయంలోని కథ మెల్లగా చెప్పాము, చదవలేదు.

ఆ కథ ఆమెకు తెలియనిది కాదు. కాని అందులో ఉన్నది ఫిట్స్ వచ్చే పిల్లవాడని ఆమె ఎప్పుడూ గమనించలేదట. చిన్నప్పటి నుండి పడిపోతుంటాడు, నోట నురుగు, నిప్పుల్లో పడతాడు, నీళ్లలో పడతాడు. తండ్రి శిష్యుల దగ్గరికి తీసుకొస్తే వాళ్ల వల్ల కాలేదు. అంతమంది ముందు అవమానపడి ఉన్న తండ్రి యేసుప్రభువుతో, నీ వల్ల అయితే సాయం చెయ్యి అంటాడు. "అయితే" అనే ఆ ఒక్క మాటలోనే సందేహమంతా ఉంది. ప్రభువు ఆ మాటను పట్టుకొని అడిగితే తండ్రి దాచుకోలేదు. నమ్మకం ఉందన్నాడు, లేని నమ్మకానికి కూడా సాయం కావాలన్నాడు, రెండూ ఒకే ఊపిరిలో. ప్రభువు అతన్ని, పోయి పూర్తి విశ్వాసం తెచ్చుకొని రా అనలేదు. అక్కడికక్కడే పిల్లవాణ్ణి బాగుచేశాడు.

మేము పాస్టర్లము కాము, వాక్యోపదేశం మా పని కాదు. కాని మేము గ్రహించినంతలో ప్రార్థనకు ముందు సందేహాన్ని బయట వదిలి రావాలనే నియమం ఆ కథలో లేదు. సందేహమే అక్కడ ప్రార్థనలో ఒక మనవి అయింది.

యాకోబు పత్రికలో సందేహించకుండా అడగమని ఉంది కదా అని కొందరు అడుగుతారు. ఉంది. అక్కడ మాట జ్ఞానం అడగడం గురించి, రెండు పడవల మీద కాళ్లు పెట్టిన మనిషి గురించి. బిడ్డ ప్రాణం కోసం వణుకుతున్న తల్లి రెండు పడవల మనిషి కాదు. ఆమెకు ఉన్నది ఒకే పడవ, అది మునుగుతోందని భయపడుతోంది. ఆ వాక్యం తీసుకొని రోగి మంచం దగ్గర, నీ సందేహం వల్లే నీకు నయం కాలేదు అని చెప్పేవాళ్ల మీద మాకు కోపం వస్తుంది, దాచుకోము. అట్లా చెప్పాక రోగి భయాన్ని లోపల దాచుకుంటాడు. భయంతోపాటు ఛాతీనొప్పిని, రక్తం పడడాన్ని కూడా డాక్టరుకు చెప్పకుండా దాచిపెడతాడు. అది మాకు వార్డులో అనుభవం.

మాత్రల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. హిజ్కియా రాజుకు పుండు లేచి చావుకు సిద్ధమైనప్పుడు అతడు ఏడ్చి ప్రార్థించాడు, బాగుచేస్తానని దేవుడే యెషయాతో చెప్పి పంపాడు. మాట వచ్చాక కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి ఆ పుండు మీద పెట్టించాడు. రెండవ రాజులు ఇరవయ్యో అధ్యాయంలో చూడవచ్చు. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. మామూలుగా కనీసం రెండేళ్లు ఫిట్స్ రాకుండా ఉన్నాకే, డాక్టరు చూసి, కొద్దికొద్దిగా తగ్గిస్తారు. సరిగ్గా వాడితే మూర్ఛ ఉన్న 100 మందిలో 70 మంది వరకు ఫిట్స్ లేకుండా బ్రతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఫిట్స్ వచ్చినప్పుడు తాళాలు, ఉల్లిగడ్డ వద్దు, నోట్లో ఏమీ పెట్టవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటి బట్ట పెట్టండి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయండి. ఇవన్నీ చేస్తూ కూడా ప్రార్థించవచ్చు.

ఇక ఎట్లా ప్రార్థించాలి? మేము నేర్చుకున్నది తక్కువే. భయంలో ఉన్న మనిషి పొడుగు ప్రార్థన చేయలేడు, చేయనక్కరలేదు. గెత్సేమనేలో ప్రభువు అవే మాటలు మూడోసారి కూడా పలికాడని మత్తయి వ్రాశాడు. చెప్పిందే చెప్తున్నామే అని సిగ్గుపడేవాళ్లకు మేము ఇది గుర్తుచేస్తాము. అందంగా మాట్లాడనక్కరలేదు కూడా. 13వ కీర్తనలో దావీదు ఇంకా ఎన్నాళ్లని నాలుగుసార్లు అడుగుతాడు. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, చివర్లో స్తుతి లేదు. అట్లాంటి కీర్తనను కూడా పెద్దలు బైబిలులో ఉంచారు, తీసేయలేదు. ఆపరేషనుకు ముందు రోజు కొందరికి మేము ఆ కీర్తనే చదివి వినిపిస్తే, ఇట్లా కూడా మాట్లాడొచ్చా దేవునితో అని ఆశ్చర్యపోయారు.

గుండె దడదడ కొట్టుకుంటూ చేతులు చల్లబడుతుంటే ముందు ఊపిరి సరిచేసుకోవాలి. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో లోపలికి పీల్చండి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. వదిలేది పొడుగైతే గుండె వేగం నెమ్మదిస్తుంది. పీల్చేటప్పుడు "ప్రభువా" అనుకోమంటాము, వదిలేటప్పుడు ఉన్నది ఉన్నట్టు, "నాకు భయంగా ఉంది" అనుకోమంటాము. (ఒక మాట. ఛాతీలో బరువు, చెమట, ఎడమ చెయ్యి లాగడం ఉంటే అది భయమేలే అని ఊపిరి లెక్కపెడుతూ కూర్చోవద్దు, వెంటనే సిస్టరును పిలవండి.) ఏలీయా చచ్చిపోతే బాగుండునని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత అతనికి ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, లేపి, రొట్టె పెట్టి, నీళ్లిచ్చి, మళ్లీ నిద్రపోనిచ్చాడు. అందుకే మేము అటెండెంటుగా వచ్చిన తల్లులను ముందు నాలుగు ముద్దలు తిని రమ్మంటాము.

నోరే పెగలకపోతే పక్కవాళ్లు అడగాలి. పక్షవాతం వచ్చినవాణ్ణి నలుగురు మంచంతో సహా మోసుకొచ్చి కప్పు విప్పి దించారు. ప్రభువు వాళ్ల విశ్వాసం చూశాడని ఉంది. మంచంలో ఉన్నవాడు అప్పుడు ఏమనుకుంటున్నాడో వ్రాయలేదు.

"ఎన్నాళ్లు అడగాలి సిస్టరమ్మా?" అనేవాళ్లకు మేము ఒంగోలు సంగతి చెప్తాము. అమెరికా బాప్టిస్టులు 1836లో తెలుగువారి మధ్య పని మొదలుపెట్టారు. ఏళ్లు గడిచినా ఫలితం కనపడక, 1853లో ఈ మిషను మూసేద్దామా అని అక్కడివాళ్లు చర్చించారు. అట్లాంటి సమయంలో 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జ్యూవెట్ దొర, దొరసాని, ముగ్గురు తెలుగు క్రైస్తవులు, మొత్తం ఐదుగురు ఒంగోలు పక్కన కొండెక్కి ప్రార్థించారు. ఆ తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారని సంఘాల్లో అందరూ చెప్పుకుంటారు. మాకేమో ఆ సంఖ్య కంటే మధ్యలో ఉన్న ఏళ్లు ముఖ్యమనిపిస్తాయి. కొండ దిగాక ఏమీ జరగలేదు. జ్యూవెట్ జబ్బుపడి అమెరికా వెళ్లాడు, 1862లో మళ్లీ మూసేద్దామనే మాట లేచింది. జాన్ క్లౌ దొర ఈ దేశానికి రావడం 1865లో, ఒంగోలులో కాపురముండడం 1866లో. అంటే కొండ మీద అడిగినదానికి పన్నెండేళ్లకు ఒక మనిషి వచ్చాడు. తర్వాత 1876-78 కరువు. మన ప్రాంతం అప్పుడు బళ్ళారి జిల్లాలో ఉండేది, 1882లో గాని అనంతపురం వేరే జిల్లా కాలేదు. ఇక్కడా జనం ఆ కరువుకు మాడిపోయారు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవాళ్లకు పని పెట్టించాడు, కరువు సాయం జరుగుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. ఆ ఏళ్లలో ఆ ఐదుగురికి ఒక్కసారైనా సందేహం రాలేదంటే మేము నమ్మము.

మదర్ థెరిసా ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చినప్పుడు చాలామంది కలత చెందారు. దేవుడు దగ్గర లేడన్న చీకటిని ఆమె ఎన్నో ఏళ్లు మోసిందని అందులో ఉంది. మా నర్సులకు మాత్రం ఎందుకో ధైర్యం వచ్చింది. ఆ చీకటిలో కూడా ఆమె పొద్దున లేచి రోగుల దగ్గరికి పోయింది కదా అనుకున్నాము.

కొన్ని భయాలు మాత్రం ప్రార్థన లోపం వల్ల వచ్చినవి కావు, జబ్బు వల్ల వచ్చినవి. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, బ్రతకాలని లేకపోవడం ఉంటే డాక్టరుకు చెప్పండి. ఇంట్లో ఎవరైనా చచ్చిపోతానంటుంటే ఆ రోజే తీసుకురండి. 2022 నుండి టెలి మానస్ అని ప్రభుత్వ ఫోను సేవ ఉంది, 14416కు ఏ వేళైనా డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పంట పోయిన ఏడు మన దగ్గర ఇట్లాంటివాళ్లు ఎక్కువగా వస్తారు, అప్పు సంగతి చివరికి గాని చెప్పరు.

ఆ పిల్లవాడు మరునాడు మధ్యాహ్నం కళ్లు తెరిచాడు. కుడిచేయి కొన్ని వారాలు బలహీనంగా ఉండింది, చదువులో కొంచెం వెనకబడ్డాడు. తల్లి ఆ రాత్రి ప్రార్థన చేయలేదు, మేము చేస్తుంటే విన్నది. మూడో రోజున నోరు తెరిచి ఒకే మాట అడిగింది, అదీ దేవుణ్ణి కాదు, మమ్మల్ని: "రేపటి నుండి మాత్తర ఇస్తూ ప్రార్థన చేస్తే దేవునికి కోపం రాదు కదా?" రాదన్నాము. ఇప్పటికీ నెలకొకసారి మందులకు వస్తుంది. ఓ.పి. చీటీ తీసుకున్నాక చాపెల్‌లో ప్రార్థన మనవులు వేసే డబ్బా దగ్గర ఆగుతుంది. ఆమెకు వ్రాయను రాదు, మా చిన్న సిస్టర్లలో ఎవరో ఒకరు వ్రాసిపెడతారు. ప్రతి నెలా అదే మనవి: పిల్లోనికి రాకూడదు, నాకు భయం పోవల్ల.